మాట పడిపోతే మతి కూడా పోయినట్టేనా? అఫేసియా ఉన్నవాళ్ల ఆలోచనను ఎలా పరీక్షించాలి

డాబాగార్డెన్స్_వకీలు:
అందరికీ నమస్కారం. సివిల్ కేసుల్లో తరచూ తగిలే చిక్కు ఇది. ఎడమ మెదడుకి స్ట్రోకు వచ్చి మాట పడిపోయిన (దీన్నే డాక్టర్లు అఫేసియా అంటారు) మనిషి వీలునామా రాయాలనుకుంటాడు. నోట్లోంచి మూడు నాలుగు మాటలకు మించి రావు. చేతిలో ఉన్న సర్టిఫికెట్టులో ‘ఎంఎంఎస్ఈ 30కి 6, తీవ్రమైన డిమెన్షియా’ అని ఉంటుంది. ఎంఎంఎస్ఈ అంటే జ్ఞాపకం, తెలివి చూసే చిన్న పరీక్ష, డిమెన్షియా అంటే మతి తగ్గిపోయే జబ్బు. అవతలి పార్టీకి ఆ ఒక్క కాగితం చాలు. నా ప్రశ్నలు రెండు. ఆ 6కి అసలు అర్థం ఉందా? మాటలు లేకుండా మనిషి ఆలోచించగలడని శాస్త్రం ఒప్పుకుంటుందా? ‘పాపం, ఆయనకి అన్నీ తెలుస్తున్నాయండీ’ అంటే కోర్టు వినదు. చేతికి ఆధారం కావాలి.

ఎంవీపీ_స్పీచ్:
మొదటి ప్రశ్నకి జవాబు తేలిక. అర్థం లేదు. ఎంఎంఎస్ఈ లో 30 మార్కులు ఎలా వస్తాయో విడదీసి చూడండి. తేదీ, ఊరు చెప్పడానికి 10. మూడు మాటలు తిరిగి చెప్పడానికి 3, కాసేపయ్యాక గుర్తుచేసుకుని చెప్పడానికి 3. 100లోంచి ఏడేసి తీసేస్తూ పైకి చెప్పడానికి 5. వస్తువుల పేర్లకి 2, వాక్యం తిరిగి పలకడానికి 1, మూడంచెల ఆజ్ఞ విని చేయడానికి 3, చదివి చేయడానికి 1, వాక్యం రాయడానికి 1, బొమ్మ చూసి గీయడానికి 1. మాటతో పని లేనిది ఆ చివరి ఒక్క మార్కే. ఎడమ మెదడు స్ట్రోకులో తరచూ కుడి చెయ్యి పడిపోతుంది కాబట్టి అదీ అనుమానమే. భాష దెబ్బతిన్న మనిషికి భాషతో పరీక్ష పెట్టి తెలివి లేదని రాయడమన్నమాట. మోకా అని ఇలాంటిదే ఇంకో పరీక్ష ఉంది, దానికీ దాదాపు ఇదే జబ్బు.

ముందు చేయించాల్సింది తెలుగులో వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ అనే భాష పరీక్ష. ధారాళంగా మాట్లాడటం 20, అర్థం చేసుకోవడం 10, తిరిగి పలకడం 10, పేర్లు చెప్పడం 10. మొత్తాన్ని రెండుతో గుణిస్తే 100కి అఫేసియా కోషెంటు వస్తుంది. 93.8 కంటే తక్కువైతే అఫేసియా ఉన్నట్టు, 25 లోపు అయితే అతి తీవ్రం. ఈ అంకె భాష ఎంత పోయిందో చెబుతుంది. ఆలోచన సంగతి ఇది చెప్పదు, దానికి వేరే పరీక్షలు ఉన్నాయి.

మస్తిష్కం_విశాఖ:
రెండో ప్రశ్న నేను తీసుకుంటాను.

1861లో ఫ్రెంచి డాక్టరు పాల్ బ్రోకా వర్ణించిన రోగికి ‘టాన్’ అనే శబ్దం తప్ప మరో మాట వచ్చేది కాదు. అయినా అడిగినదానికి సైగలతో, వేళ్లతో అంకెలు చూపిస్తూ జవాబిచ్చేవాడు. అంటే ఈ అనుమానం నూటయాభై ఏళ్లకు పైబడింది. గట్టి ఆధారాలు మాత్రం ఈ పాతికేళ్లలోనే వచ్చాయి.

ఇంగ్లండులో రోజ్‌మేరీ వార్లీ బృందం 2005లో ముగ్గురు మగవాళ్ల మీద ఒక పరిశోధన ప్రచురించింది. ముగ్గురికీ ఎడమ మెదడులో పెద్ద దెబ్బ, వాక్యనిర్మాణం దాదాపు సున్నా. మనిషి సింహాన్ని చంపాడో, సింహం మనిషిని చంపిందో వాక్యం విని తేల్చుకోలేరు. కానీ కాగితం మీద అంకెల్లో 59 – 13 ఇచ్చినా, 13 – 59 ఇచ్చినా తేడా తెలిసి చేశారు. బ్రాకెట్లున్న లెక్కల్లో ఏది ముందు చేయాలో కూడా పట్టుకున్నారు. ఎవరు ఎవరిని అనే వరస భాషలో పోయింది, గణితంలో నిలిచింది. అంతకుముందు 2000లో అదే వార్లీ, మైకేల్ సీగల్‌తో కలిసి ఇలాంటి రోగి ఒకరికి ‘ఎదుటివాడు తప్పుగా ఏమనుకుంటున్నాడు’ అని ఊహించే పరీక్ష పెడితే అతను నెగ్గాడు.

సంగీతానికి వస్తే రష్యన్ స్వరకర్త విస్సారియోన్ షెబాలిన్. 1959లో రెండో స్ట్రోకు తర్వాత తీవ్రమైన అఫేసియా. అయినా 1962లో అయిదో సింఫనీ పూర్తి చేశాడు. మెదడు మీద పనిచేసిన రష్యన్ శాస్త్రవేత్త లూరియా బృందం 1965లో ఆయన గురించి రాసింది. స్వీడన్ కవి తోమస్ ట్రాన్‌స్ట్రోమర్ 1990 స్ట్రోకుతో మాట కోల్పోయినా ఎడమ చేత్తో పియానో వాయించేవారు. 2011లో ఆయనకు నోబెల్ వచ్చింది.

మెదడు స్కానింగ్ వైపు నుంచి ఎవెలీనా ఫెడొరెంకో బృందం 2011లో చూపింది ఏమంటే, వాక్యాలు చదివేటప్పుడు పనిచేసే ఎడమ మెదడు చోట్లు, లెక్కలు చేసేటప్పుడు గాని సంగీతం వినేటప్పుడు గాని పెద్దగా పనిచేయవు. కష్టమైన పని ఏదొచ్చినా లేచే మెదడు చోట్ల అల్లిక (నెట్‌వర్క్) పక్కనే ఇంకొకటి ఉంది. రెండూ ఆనుకుని ఉండటం వల్లే ఒకే స్ట్రోకు రెంటినీ కొట్టే అవకాశం ఉంది. వకీలుగారు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. మాటా ఆలోచనా కలిసి పోయిన రోగులు ఎందరున్నా, అవి రెండూ ఒకటేనని రుజువు కాదు. మాట పోయి ఆలోచన నిలిచిన రోగి ఒక్కడు చాలు, అవి వేరని చెప్పడానికి. కానీ మీ క్లయింటు ఏ రకమో అది చెప్పదు. అతన్నే పరీక్షించాలి.

ఏయూ_భాషాశాస్త్రం:
పైన రాసినదాంతో ఏకీభవిస్తూనే కాస్త బ్రేకు వేస్తాను. ‘భాష వేరు, ఆలోచన వేరు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో దొరికిపోతారు. బాల్డో బృందం 2005లో స్ట్రోకు రోగులకి విస్కాన్సిన్ కార్డుల పరీక్ష పెట్టింది. కార్డులను రంగు, ఆకారం, సంఖ్య ప్రకారం సర్దే పని, నోరు విప్పనక్కర్లేదు. అయినా భాష ఎంత దెబ్బతింటే మార్కులు అంత తగ్గాయి. 2013లో లుప్యాన్, మిర్మన్ చూపింది ఇంకా ఆసక్తికరం. పేర్లు దొరకని రోగులు ‘పొలంలో ఉండే జంతువులు’ లాంటి, అన్ని రకాలుగానూ ఒకదాన్నొకటి పోలిన గుంపులను ఏరగలిగారు. ‘నీలిరంగు వస్తువులు’ లాంటి, ఒకే ఒక్క లక్షణం పట్టుకుని మిగతావి వదిలేయాల్సిన గుంపుల దగ్గర తడబడ్డారు. అంటే కొన్ని పనుల్లో మనసు లోలోపల పేరును ఊతకర్రలా వాడుకుంటోంది. ఊతకర్ర పోతే నడక మందగిస్తుంది, కాళ్లు పోయినట్టు కాదు.

కాబట్టి ‘ఆలోచన ఉందా’ అని అడగకండి. ఏ ఆలోచన అని అడగండి. లెక్కా, కార్యకారణమా, ఎదుటివాడి మనసా, ప్రణాళికా? ఆస్తి పంపకానికి వీటిలో ఏవి కావాలి?

గాజువాక_ఫిజియో:
ఒక సందేహం. ‘లేవండి’ అంటే లేస్తారు, ‘చెయ్యి ఎత్తండి’ అంటే ఎత్తుతారు. ఇంట్లోవాళ్లు ‘అన్నీ అర్థమవుతున్నాయి’ అంటారు. పరీక్షలో మాత్రం అర్థం చేసుకోవడం సున్నా అని రాస్తారు. ఏది నిజం?

ఎంవీపీ_స్పీచ్:
రెండూ నిజమే. మీరు ‘లేవండి’ అనేటప్పుడు చెయ్యి చాస్తారు, ముందుకి వంగుతారు, వాకరు దగ్గరకి లాగుతారు. మాట లేకపోయినా అది లేవమనే. తేల్చాలంటే చేతులు వెనక్కి పెట్టుకుని, చూపు కదపకుండా, ఆ సమయానికి ఎవరూ ఊహించని మాట చెప్పండి. ‘దువ్వెన తలగడ కింద పెట్టండి’, ‘కళ్లజోడు గ్లాసు పక్కన పెట్టండి’. దువ్వెన అందుకుని తల దువ్వుకుంటే ఒక్క నామవాచకం మాత్రమే పట్టుకున్నారని అర్థం.

ఇంకో విషయం. ఇలా సందర్భాన్ని చదివి సరిగ్గా నడుచుకోవడమే ఆలోచన పనిచేస్తోందనడానికి ఒక గుర్తు. ఇంట్లోవాళ్లు చూసింది తప్పు కాదు, దానికి పెట్టిన పేరు తప్పు.

ఏయూ_భాషాశాస్త్రం:
వాక్యం అర్థమవుతోందా లేదా అన్నది తెలుగులో పరీక్షించేటప్పుడు ఇంగ్లీషు పరీక్షను మాటకు మాట దించితే పనికిరాదు. మూడు చోట్ల లీకవుతుంది.

‘పాప అరటిపండు తింది’ అనే వాక్యానికి వ్యాకరణం అక్కర్లేదు. పాప, పండు అన్న రెండు మాటలు చాలు, పండు పాపని తినదు. ‘రవి సీతను పిలిచాడు’ అంటే క్రియ చివరి ‘-డు’ పిలిచింది మగవాడని చెప్పేస్తుంది. ఇంక ‘-ను’ ని పట్టించుకునే పనే లేదు. వరసని మార్చకపోతే ‘మొదట వచ్చినవాడే కర్త’ అనే గుడ్డి లెక్కతో నెట్టుకొచ్చేస్తారు.

అందుకని రెండు పేర్లూ ఒకే లింగం, రెండూ ప్రాణమున్నవి, క్రియ ఒకటే రూపంలో ఉండాలి. ‘ఆవు గేదెను పొడిచింది’, ‘ఆవును గేదె పొడిచింది’. మాటల వరస అదే, విభక్తి ఒక్కటే చోటు మారింది. దీనికి రెండు బొమ్మలు పెట్టి సరైనది చూపమనండి. పది వాక్యాలైతే గుడ్డిగా చూపినా అయిదు వస్తాయి, 8 వచ్చినా అదృష్టమే కావచ్చు. 9 వస్తేనే నమ్మాలి. ఇరవై పెడితే 15 చాలు. వీలైతే ఇరవై పెట్టండి.

ఇందులో తప్పితే వాక్యనిర్మాణం పోయిందని మాత్రమే. ఏ జంతువు ఏ జంతువుని పొడుస్తోందో బొమ్మ చూసి తెలుసుకోలేరని కాదు. కావాలంటే ఆవు బొమ్మ, గేదె బొమ్మ చేతికిచ్చి, జరిగింది కళ్లముందు చూపించి, తిరిగి చేసి చూపమనండి.

మస్తిష్కం_విశాఖ:
ఇప్పుడు మాటలు అక్కర్లేని పరీక్షలు. పట్టికలా కాకుండా ఏది ఎక్కడ మోసం చేస్తుందో కూడా కలిపి రాస్తున్నాను, చదివేవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

రేవెన్ రంగుల మాత్రికలు: 36 బొమ్మలు, ఒక్కోదాంట్లో ఖాళీ, కింద ఆరు ముక్కలు, ఖాళీకి సరిపోయేది చూపాలి. కుడివైపు చూపు పోయిన రోగి (ఎడమ మెదడు స్ట్రోకులో ఇది మామూలే) కుడి చివరి ముక్కలను అసలు చూడడు. తప్పుల్లో ఎక్కువ భాగం జవాబు కుడివైపు ఉన్నవాటిలోనే అయితే అది తెలివి లోపం కాదు, చూపు లోపం. ముక్కలను కత్తిరించి ఎడమవైపుకి జరిపి, ఒకదాని కింద ఒకటి నిలువుగా పేర్చండి. గడియారం పెట్టకండి, రోగి వాడేది అలవాటు లేని ఎడమ చెయ్యి.

అర్థాల జోడింపు: ‘పిరమిడ్స్ అండ్ పామ్ ట్రీస్’ అని 52 బొమ్మల సెట్లున్న పరీక్ష ఉంది. పైన ఒక బొమ్మ, కింద రెండు, ఏది జతో చూపాలి. మనవాళ్లకి ఇగ్లూలూ పిరమిడ్లూ పెడితే తెలియనిదానికి మార్కులు తీసినట్టవుతుంది. పైన ముంజలు, కింద తాటిచెట్టు, కొబ్బరిచెట్టు. పైన వల, కింద పడవ, లారీ. ఇలా స్థానికంగా చేసుకోవాలి. కాకపోతే ముందుగా అదే వయసు, అదే చదువున్న, స్ట్రోకు రాని మనుషుల దగ్గర పెట్టి చూడండి. వాళ్లే తప్పుతున్న సెట్టును పారేయండి. ఇక్కడ తప్పులు ఎక్కువైతే జాగ్రత్త పడాలి. అర్థాల భాండాగారం పోవడం ఒకటి, ఉన్నదాంట్లోంచి ఈ సందర్భానికి కావాల్సింది ఏరుకోలేకపోవడం ఇంకొకటి. స్ట్రోకులో ఎక్కువగా చూసేది రెండోది. అదే సెట్టును ఒకరోజు సరిగ్గా చూపి మర్నాడు తప్పితే రెండోదే.

లెక్క: నోటితో వద్దు, అంకెల్లో ఇవ్వండి. అంకె పేరు పలకలేకపోవడం లెక్క రాకపోవడం కాదు. ఇంకా మంచిది డబ్బు. 340 అని రాసిన చీటీ, 500 నోటు పెట్టి, ట్రేలో నూర్లు, యాభైలు, పదులు ఉంచి చిల్లర ఏరమనండి. 160 ఏరితే తీసివేత ఉంది, నోటు విలువ తెలుసు, పని గుర్తుంది. మూడూ ఒకేసారి.

ఎదుటివాడి మనసు: బిస్కెట్ డబ్బా తెరిచి చూపండి, లోపల సూదీదారం. మూత పెట్టేసి, అప్పుడే లోపలికి వచ్చిన మనిషిని చూపి, ‘ఈయన ఏముందనుకుంటాడు’ అన్న ప్రశ్నకి బిస్కెట్ల బొమ్మ, దారం బొమ్మ పెట్టండి. ప్రశ్నలో ‘అనుకోవడం’ ఉంది, అది అర్థం కాకపోతే పరీక్షే వృథా. ముందు రెండు మూడు వేరే డబ్బాలతో చేసి చూపించి, పని ఏమిటో పట్టుబడ్డాకే మార్కులు వేయాలి.

గాజువాక_ఫిజియో:
సైగ చేసి చూపమంటే చేయలేకపోతున్నారు కొందరు. ‘పళ్లు తోముకోవడం చూపించండి’ అంటే చెయ్యి గాల్లో తిరుగుతుంది. దీన్ని ఏమనుకోవాలి?

ఎంవీపీ_స్పీచ్:
అప్రాక్సియా. ఆజ్ఞ ఇస్తే కదలిక కుదరదు, బ్రష్షు చేతికిస్తే చాలావరకు తోముకుంటారు. ఎడమ మెదడు స్ట్రోకులో అఫేసియా పక్కనే ఉంటుంది. ‘సైగ కూడా చేయలేకపోతున్నాడు, ఇంకేం తెలుస్తుంది’ అనే మాట ఇక్కడే పుడుతుంది. అందుకే జవాబు సైగతో కాకుండా వేలితో చూపేలాగ పెట్టాలి. వేలూ కుదరకపోతే చూపుతో.

అవును-కాదుల దగ్గర ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మన తల ఊపు నమ్మదగ్గది కాదు. పక్కకి ఊపితే సరే అని కొందరికి, కాదు అని కొందరికి, ‘వింటున్నాను, చెప్పండి’ అని ఇంకొందరికి. నోటి ‘ఆఁ’ కూడా అంతే. అరచెయ్యంత కార్డులు రెండు తీసుకోండి, ఒకదానిపై పెద్ద పచ్చ టిక్కు, ఇంకోదానిపై ఎర్ర ఇంటూ. ఎడమవైపు, ఒకదాని కింద ఒకటి. జవాబు మీకు ముందే తెలిసిన 20 ప్రశ్నలు రాసుకోండి. పది అవును, పది కాదు, కలగాపులగంగా. ‘మీరు ఉండేది విజయనగరమా?’, ‘ఇది ఆసుపత్రా?’, ‘ఆర్కే బీచ్‌లో సముద్రం ఉందా?’ ప్రతిదాన్నీ తిరగేసి కూడా అడగండి, ‘ఉండేది విశాఖపట్నమా?’ రెంటికీ టిక్కే చూపితే ఆ జోడు సున్నా. 15 దాటితేనే ఆ మనిషి అవునును అవునుగా తీసుకోవచ్చు. దాటకపోతే అవును-కాదు ప్రశ్నలతో తీసుకున్న సమ్మతి ఏదైనా చెల్లదు, అంతే.

దాటనివాళ్లకి రాసి చూపే పద్ధతి ఉంది. తెల్లకాగితం మీద లావు మార్కరుతో ప్రశ్నలోని ముఖ్యమైన మాట ఒకటి, కింద మూడు జవాబులు, ఒక్కొక్కటీ చదువుతూ వేలు పెట్టి చూపుతూ. మూడో జవాబు ఎప్పుడూ ‘ఇవేవీ కాదు’ లేదా ప్రశ్నార్థకం ఉండాలి. అది లేకపోతే మీరు పెట్టిన రెంటిలో ఒకటి ఆయన నెత్తిన రుద్దినట్టే. టొరంటోలో ఆరా కేగన్ 1990ల్లో తయారుచేసిన సపోర్టెడ్ కన్వర్సేషన్ (ఊతమిచ్చి మాట్లాడించడం) పద్ధతికి మూలసూత్రం కూడా ఇదే. ‘మీకు తెలుసని నాకు తెలుసు’ అని పైకి చెప్పడం, తెలిసింది బయటపెట్టే సాధనం ఇవ్వడం, అర్థమైంది సరైనదో కాదో తిరిగి సరిచూడటం. మూడోది అందరూ ఎగ్గొడతారు.

సీతమ్మధార_న్యూరో:
ఒక హెచ్చరిక. పైన చెప్పినవన్నీ మాట తగ్గిన, తన మాట తగ్గిందని తెలిసి విసుక్కునే రోగుల గురించే. అఫేసియాలోనే వెర్నికే అనే రకంలో మాట ధారాళంగా వస్తుంది, అర్థం ఉండదు, తాను తప్పు మాట్లాడుతున్నానని తెలియకపోవచ్చు. కుడి చెయ్యి బాగానే ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లకి స్ట్రోకు అని తట్టదు. ‘పిచ్చి పట్టింది’ అనో, దిష్టి అనో తిప్పుతారు. నిన్నటిదాకా బాగా ఉన్న మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే అది అత్యవసరం. 108కి ఫోన్ చేయాలి, గడ్డ కరిగించే ఇంజెక్షనుకి నాలుగున్నర గంటలే గడువు.

ఈ రకంలో కూడా డబ్బు, డబ్బా పరీక్షలు పెట్టవచ్చు. కాకపోతే పని ఏమిటో మాటల్లో చెప్పకుండా చేసి చూపాలి. మాటతో చెబితే చెప్పింది అందక తప్పుతారు, మనం మతి లేదని రాస్తాం.

ఇంకొకటి, నెలల తరబడి నెమ్మదిగా మాట తగ్గుతూ వచ్చేది ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేసియా. అది వేరే జబ్బు. స్ట్రోకు మీద చేసిన పరిశోధనలను దానికి అంటగట్టకండి.

స్టీల్‌ప్లాంట్_టౌన్‌షిప్:
మన ఊళ్లో ఒరియా, హిందీ, తెలుగు కలిపి మాట్లాడే ఇళ్లు చాలా. ఏ భాషలో పరీక్షించాలి? రెండు భాషలు వస్తే మేలా, చెరుపా?

ఏయూ_భాషాశాస్త్రం:
అన్నిట్లోనూ విడివిడిగా, వేరు వేరు రోజుల్లో. రెండు భాషలూ ఒకేలా తిరిగి రావాలని లేదు. ఇంట్లో ఒరియా, ఉద్యోగంలో హిందీ వాడిన మనిషికి తెలుగులో మాత్రమే పరీక్ష పెట్టి ‘అర్థం కాదు’ అని రాయడం అన్యాయం.

మేలా అన్నదానికి హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 608 మంది స్ట్రోకు రోగులను చూసి 2016లో ప్రచురించిన ఫలితం ఉంది. స్ట్రోకు తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్లు ద్విభాషుల్లో 40.5 శాతం, ఏకభాషుల్లో 19.6 శాతం. అఫేసియా వచ్చిన శాతంలో మాత్రం రెండు గుంపులకీ తేడా లేదు. ఈ చర్చ అంతటికీ మన నేల మీది ఆధారం ఇదే అనిపిస్తుంది నాకు. రెండో భాష ఆలోచనను కాసింది గాని మాటను కాయలేదు.

డాబాగార్డెన్స్_వకీలు:
చాలా ఉపయోగపడింది. చట్టం వైపు నుంచి నేను జోడించేవి ఇవి. భారత వారసత్వ చట్టం 59వ సెక్షను వివరణలోనే ఉంది, మూగ, చెవిటి, అంధులు అయినంత మాత్రాన వీలునామాకి అనర్హులు కారు, తాము చేస్తున్నదేమిటో తెలిస్తే చాలని. 63 ప్రకారం ఇద్దరు సాక్షులు. వేలిముద్ర గాని గుర్తు గాని సరిపోతుంది. కదల్లేనివారైతే కారణం చూపి రిజిస్ట్రేషన్ చట్టం 31 కింద సబ్ రిజిస్ట్రారును ఇంటికే రమ్మని కోరవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం అఫేసియాను పేరు పెట్టి వాక్, భాషా వైకల్యంలో చేర్చింది. మానసిక రుగ్మత కింద కాదు. బ్యాంకులో సంతకం పెట్టలేనివారి వేలిముద్రకి ఇద్దరు సాక్షులు కావాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ‘మాట్లాడలేడు కాబట్టి ఖాతా ఆపేశాం’ అనడానికి వీల్లేదు.

ఇక డాక్టరుగారి చేత సర్టిఫికెట్టులో ఏమేం రాయించాలి?

మస్తిష్కం_విశాఖ:
‘స్పృహలో ఉన్నాడు, మతి స్థిమితంగా ఉంది’ అనే రెడీమేడ్ వాక్యం వద్దు. ఏ తేదీన, ఏ భాషలో, ఏ పద్ధతిలో అడిగారు. అవును-కాదు 20కి ఎన్ని. రేవెన్ 36కి ఎన్ని, ముక్కలు ఎలా పేర్చారు. చిల్లర పనిలో ఏం జరిగింది. ఇవి ఉండాలి.

ఆస్తి సంగతి విడిగా చేయాలి. ఇల్లు, స్థలం, బంగారం, డిపాజిట్టు ఒక్కోదానికి ఒక ఫోటో. వారసుల ఫోటోలు, వాటితోపాటు వారసుడు కాని బంధువు ఒకరిది, ఎవరికీ ఇవ్వనన్నదానికి ఒక ఖాళీ కార్డు. ఆయన్నే సర్దమనండి. సర్దింది ఫోటో తీసి, అన్నీ కలిపేసి, ఫోటోల చోట్లు మార్చి మళ్లీ పెట్టండి. తర్వాత మీరే కావాలని ఒకటి తప్పుగా పెట్టి ‘ఇలాగేనా?’ అని చూపండి. వెనక్కి తీసి సరిచేస్తే అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. వారం తర్వాత మళ్లీ అదే. రెండుసార్లూ ఒకేలా రావాలి. లబ్ధి పొందేవాళ్లెవరూ గదిలో ఉండకూడదు. ‘ఆయన అనేది ఇదీ’ అని అర్థం చెప్పే కోడలైనా కొడుకైనా సరే, బయటే ఉండాలి.

గాజువాక_ఫిజియో:
ఏ వేళలో పెడితే మంచిది? ఫిజియో అయ్యాక ఎలాగూ అక్కడే ఉంటాం కదా.

ఎంవీపీ_స్పీచ్:
ఫిజియో అయ్యాక మాత్రం వద్దు, అలసిపోయి ఉంటారు. పొద్దున టిఫిను అయ్యాక, ఫిట్సు మందు మత్తు లేని వేళ చూసి, ఒక్కో విడత 20 నిమిషాలకు మించకుండా. టీవీ ఆపేయాలి. కళ్లజోడు, చెవి మెషిను ఉంటే పెట్టాలి, బ్యాటరీ చూసుకోవాలి. వరసగా మూడు ప్రశ్నలకి ఒకే చోట వేలు పెడుతుంటే పాత జవాబు అతుక్కుపోయిందని, ఆపేయండి. కార్డులన్నీ తీసేసి, అయిదు నిమిషాలు వేరే మాటలో పెట్టి, చోట్లు మార్చి మళ్లీ మొదలుపెట్టాలి. అప్పటికీ అదే చోటైతే ఆ రోజుకి మూసేసి మర్నాడు రండి. ఆ విడత మార్కులు కలపకండి.